దేనికని అడిగే బ్యాటరీ చాచా

శుక్రవారం పొద్దున వలలు ఆరేస్తుంటే చాచీ ఫోన్ చేసింది. "మీ చాచా పోయినాడమ్మా. తెల్లారి నమాజుకు పోదామని చెప్పులేసుకుంటా అరుగు మీదనే ఒరిగిపోయినాడు," అంది. నేను కంభం నుంచి మార్కాపురం చేరేసరికి వీధి నిండా జనం. ఆటోలవాళ్లు, బ్యాటరీ పంపుతో చేలకు మందు కొట్టే రైతులు, ఇన్వర్టర్ పెట్టించుకున్న ఇళ్లవాళ్లు. అందరూ ఆయన దుకాణానికి ఏదో ఒకటి కొనడానికి వెళ్లి, ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లే.

ఆయన మాకు చుట్టం కాదు. బ్యాటరీల దుకాణం మనిషి. ఊరంతా చాచా అనేది, నేనూ అలాగే పిలిచాను.

రెండేళ్ల కిందట మా ఆయన భుజం పట్టు తప్పింది. ఇక తెడ్డు వేయలేడని డాక్టరు చెప్పాడు. చెరువులో చేపలు పట్టడం తప్ప మాకు వేరే పని రాదు. పడవ నా చేతికొచ్చింది. గాలికి ఎదురు తెడ్డేసి ఒడ్డు చేరేసరికి నా చేతులు అన్నం కలపడానికి కూడా లేచేవి కావు. అప్పుడే పడవ వెనక బిగించే చిన్న కరెంటు మోటారు ఒకటి పాతది దొరికింది. దానికి బ్యాటరీ కావాలి. సీసం బ్యాటరీ అయితే మోయడానికి ఇద్దరుండాలి. లిథియందైతే నేనొక్కదాన్నే ఎత్తుకుపోగలను. అందుకని చాచా దుకాణానికి వెళ్లాను.

"చాచా, చవకలో ఒక లిథియం బ్యాటరీ చూపియ్యి."

"దేనికి బేటీ?"

"ఏదో ఒకటి. పన్నెండు వోల్టులది."

"అది కాదు నేనడిగేది. దేనికి?"

"పడవ మోటారుకు. కంభం చెరువులో."

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. నేను వేలు పెట్టి చూపించిన బ్యాటరీని తీసి లోపల పెట్టేశారు.

"చవక తప్పు కాదు. చవక చేసేదానికి లోపల ఏం తగ్గించినారో తెలుసుకోవాల," అన్నారు. "లిథియం దాంట్లో ఒక చిన్న బోర్డు ఉంటది. గాలికి ఎదురు పోయేటప్పుడు నీ మోటారు గట్టిగా లాగుతది. బోర్డు తట్టుకోలేకపోతే కరెంటు కట్ చేస్తది. సీసం బ్యాటరీ అయితే మెల్లగా నీరసపడి మనకు చెప్తది. ఇది చెప్పదు. టక్కున ఆగుతది."

మర్నాడు మోటారు కూడా తెమ్మన్నారు. తొట్టి నిండా నీళ్లు పోసి, మోటారును అందులో దించి, పూర్తి వేగంతో తిప్పారు. మొదటి బ్యాటరీ కాసేపటికే ఆగింది. రెండోది గంట దాటి ఆగింది. "డబ్బా మీద రాసింది నమ్మొద్దు. తిరిగింది నమ్ము," అని మూడోది తగిలించారు. దానికి పేరు లేదు, పెట్టె ఒక పక్క సొట్టపోయి ఉంది. అందుకే అది అన్నిటికన్నా చవక.

అది తిరుగుతుంటే చాచీ టీ ఇచ్చింది. నేను ఊరికే అడిగాను. "అందర్నీ ఇట్లనే అడుగుతావా చాచా?"

"ఒకాయన్ని అడగలేదు," అన్నారు.

మోటారు వైరు సరిచేస్తూ చెప్పారు. "చవకది కావాలన్నాడు. ఇంట్లో లైట్లకేమోలే అనుకోని ఇచ్చినా. ఆయన దాన్ని పడవకు పెట్టుకున్నాడు. నడిమధ్యలో గాలి లేచింది. బ్యాటరీ ఆగిపోయింది. మోటారుంది కదా అని తెడ్డు కూడా తీసకపోలేదంట. ఈదుకుంటా వద్దామని దూకినాడు." తొట్టిలోకి చూస్తూ అన్నారు. "పడవ మట్టుకు ఒడ్డుకొచ్చింది బేటీ. ఆయన భార్య ఆ బ్యాటరీ నాకు వాపసు ఇచ్చేదానికొచ్చింది. మాకింక పనిలేదు అన్నా, అనింది. అప్పుడు తెలిసింది నాకు, దేనికి కొన్నాడో."

"ఏ చెరువులో చాచా?"

"మీదే."

మూడో బ్యాటరీ నేను బస్సుకు వెళ్లేదాకా ఆగలేదు. దాన్ని నా చేతికిస్తూ, "సగం అయిందనిపిస్తే వెనక్కి తిరుగు. తెడ్డు మాత్రం ఇంట్లో పెట్టి పోవద్దు," అన్నారు. ఆ తర్వాత మార్కాపురంలో గాలి లేచిందంటే నాకు ఫోన్ వచ్చేది. "ఒడ్డున ఉన్నావా?" అంతే. ఉన్నానంటే పెట్టేసేవారు. ఒకసారి ఎత్తకపోతే పదకొండుసార్లు చేశారు. నాకు కోపం వచ్చింది. ఏంది చాచా నీ పోరు, అని విసుక్కున్నాను కూడా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలని ఉంది. ఎవరికని చెప్పను?

పోయిన నెల చెప్పకుండా బస్సు దిగి ఒడ్డుకు వచ్చారు. "నన్ను నడిమికి తీసకపోతావా?" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన ఈ చెరువు దగ్గరికే రాలేదని చాచీ చెప్పగా విన్నాను. చెయ్యి పట్టి పడవ ఎక్కించాను. రెండు చేతులతో అంచు పట్టుకుని కూర్చున్నారు. కొండల నీడ దాటి నడిమికి వచ్చాక ఆపమన్నారు. మోటారు ఆపాను.

గాలి లేదు. నీళ్ల చప్పుడు కూడా లేదు. ఆయన పెదవులు కదిలాయి. అందులో ఒక మనిషి పేరు నాకు వినిపించింది. అది ఆయన పిలిచినట్టుగా ఉంది. తర్వాత, ఎవరో బదులు చెప్తారని ఆగినట్టు, చాలాసేపు తల వంచి విన్నారు. నేను కూడా తెలియకుండానే వినసాగాను.

"పోదాం బేటీ," అన్నారు చివరికి. అంటూనే కుడిచెయ్యి మణికట్టు దాకా నీళ్లలో పెట్టారు. తిరిగి వస్తున్నంతసేపూ తీయలేదు. ఒడ్డు చేరాక నేను దిగి పడవ కట్టేసి, వల దించి, చేపల బుట్ట గట్టు మీద పెట్టి వచ్చి చూస్తే, ఆయన ఇంకా అలాగే కూర్చుని ఉన్నారు, కింద ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి.