రావస్ చేప పెనం వదిలేదాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేప అంటే పులుసే. చింతపండు పిసికి, కారం నిండుగా వేసి, అమ్మ చిక్కగా మరిగించే పులుసు. మాది కరీంనగర్ వైపు పల్లె. బాపు మరమగ్గాల పని వెతుక్కుంటూ భివండీ వచ్చి, ఆ తర్వాత మమ్మల్నీ తెచ్చుకున్నాడు. ఊరు మారినా మా వంట మాత్రం మారలేదు. బజారులో సముద్రపు చేపల్ని చూస్తూ నడిచేవాళ్లమే గానీ ఎప్పుడూ కొనలేదు. వాటిని ఎలా వండాలో మా అమ్మకే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది?

నాకు పదకొండేళ్లప్పుడు, వానాకాలంలో, అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. మందులతో జ్వరం దిగింది కానీ తిండి మీదికి మనసు పోలేదు. గంజి కలిపి ఇస్తే ఒకటి రెండు గుక్కలు మింగి గోడ వైపు తిరిగి పడుకునేది. తమ్ముణ్ని బాపు కనేరిలో చిన్నమ్మ వాళ్లింట్లో దింపి వచ్చాడు. వాడి అల్లరి లేని ఆ ఒంటిగది ఖోలీ నాకు పరాయి ఇల్లులా అనిపించేది. మా గోడకు అవతలే కార్ఖానా. మగ్గాలు నడుస్తున్నంతసేపూ గోడ అదిరేది, గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఆ చప్పుడులో అమ్మ ఊపిరి వినిపించేది కాదు. అందుకని మాటిమాటికీ పోయి ఆమె ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూసేదాన్ని. వెచ్చగా తగిలితే లేచి వచ్చేదాన్ని. కాసేపటికే మళ్లీ అనుమానం. ఒకసారి అమ్మ కళ్లు తెరిచి, "నన్ను జెర పండనియ్యవా?" అని విసుక్కుంది. ఆ విసుగు విన్నా నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

అంత భయం నాకు ఊరికే పుట్టలేదు. నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు నన్ను చూడకుండా మాట్లాడుకున్న మాటొకటి నా చెవిన పడింది. "తిండి బందయినంక మనిషి ఎన్నొద్దులు నిలుస్తది? మొన్న గా మూల ఖోలీ ఆమె గట్లనే పాయె" అని ఒకామె అంటే, ఇంకొకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను బిందె సగం నిండకముందే ఎత్తుకుని వచ్చేశాను. ఆ మాట బాపుకు చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమో అని భయం.

ఒకరోజు మధ్యాహ్నం బాపు సెలవు అడిగి మధ్యలో ఇంటికొచ్చాడు. చేతిలో తడి కాగితంలో చుట్టిన పొట్లం. విప్పితే మందంగా, లేత గులాబీ రంగులో నాలుగు చేప ముక్కలు. ఒక పక్క వెండిలా మెరిసే తోలు, నడుమ ముల్లు తీసేసి ఉంది. దాని పేరు రావస్ అని చెప్పాడు.

"డాక్టర్ మచ్ఛి పెట్టుమన్నడు బిడ్డా. తాకతు రావాలెనట. కారం వద్దు, చింతపండు వద్దు, ముల్లు అసలే ఉండద్దట. ఎట్లన్న జేసి మీ అమ్మకు తినిపియ్యి. నేను పోవాలె, సాంచాలు బందువెట్టొచ్చిన."

అని, ఆపి వచ్చిన మగ్గాల కోసం వచ్చినంత తొందరగానే వెళ్లిపోయాడు. కారం లేకుండా, పులుపు లేకుండా చేప ఎలా చేస్తారో ఆయనకూ తెలియదు. ఆ సంగతి ఆయన ముఖంలోనే కనిపించింది. అమ్మను అడుగుదామంటే ఆమె మగతగా పడుకుని ఉంది. నేను ముందు ప్రతి ముక్కనూ వేళ్లతో తడిమి ముళ్లు వెతికాను. ఒక సన్నటి ముల్లు దొరికింది. ఒకటి ఉందంటే ఇంకోటి ఉండొచ్చు కదా. మళ్లీ తడిమాను.

స్టవ్వు వెలిగించి, పెనం పెట్టి, నూనె పోసి, అది కాగిందో లేదో చూడకుండానే ఒక ముక్క వేశాను. చిటపటమనలేదు. వేసిన మరుక్షణమే అంటుకుపోతుందేమో అని గరిటెతో కదిపాను. అంటుకునే ఉంది. గట్టిగా నెట్టాను. తోలు పెనానికి ఉండిపోయి పైది విరిగింది. తిరగేయబోతే ఇంకా విరిగింది. లోపల పచ్చిగా ఉందేమో అని పొడిచి చూశాను. చివరికి పెనం మీద మిగిలింది ముక్క కాదు, తెల్లగా చిదిమిన ముద్ద. ఆ ముద్దలో ముళ్లు ఉంటే ఇక కనిపెట్టడం కూడా కుదరదు. స్టవ్వు ఆపేసి, చప్పుడు రాకుండా ఏడ్చాను. అమ్మ లేచి చూస్తే, నాకు వంట రాదన్న బాధ ఒకటి ఆమెకు తోడవుతుందని.

వాసన తగిలిందో, లేక తలుపు సందులోంచి చూసిందో, పక్కింటి అక్క గడపలో వచ్చి నిలబడింది. చంకలో ఆమె కొడుకు నిద్రపోతున్నాడు. ఆమె మా పక్కకు కొత్తగా వచ్చింది. మావాళ్లే, తెలుగువాళ్లే, కానీ పుట్టిపెరిగింది కాశేలిలో, ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డున, చేపలమ్మే మరాఠీ కుటుంబాల నడుమ. అప్పటికి మా మధ్య పెద్దగా మాటలు లేవు.

"ఏంది చెల్లె, ఏడుస్తున్నవ్?" అంది. నేను పెనం వైపు చూపించాను. ఆమె ఒంగి, చిదిమిన ముద్దలోంచి కొంచెం తీసి నోట్లో వేసుకుంది. "మంచిగనే ఉన్నది. ఉప్పు మర్సినవ్, గంతే" అంది.

ఆ తర్వాత తను ఒక చేత్తో పిల్లవాణ్ని పట్టుకుని, నా చేత అన్నీ చేయించింది. మిగిలిన ముక్కల్ని పొడిబట్టతో తడి లేకుండా అద్దమంది. తడి ఉంటే అంటుకుంటుందట. ఉప్పు, చిటికెడు పసుపు, నిమ్మకాయ రసం నాలుగు చుక్కలు. జబ్బు మనిషికి ఆ మాత్రం పులుపు ఏమీ చెయ్యదని ధైర్యం చెప్పింది. పెనం కడిగి తుడిచి, ముందు ఖాళీగా వేడెక్కనిచ్చి, అప్పుడు నూనె వేయమంది. నూనె పెనం మీద నీళ్లలా పల్చగా జారినప్పుడు, తోలు వైపు కిందికి ఉంచి ముక్క వేయమంది. ఈసారి చర్రుమంది. వెంటనే నా చెయ్యి గరిటె మీదికి పోయింది.

"ఆగు" అంది అక్క. "గిట్ల గెలికితె ఏ చేపయినా చెదురుతది. నువ్వొచ్చి గీ గడప కాడ కూసో. వీణ్ని పట్టుకో. నల్లా వచ్చినట్టున్నది, నేను బిందె వెట్టొస్త. వీడు జెర కదిలిచ్చినా లేస్తడు, లేస్తె ఇగ ఊకోడు, సూడు మల్ల."

స్టవ్వుకు దూరంగా, గడప మీద నన్ను కూర్చోబెట్టి పిల్లవాణ్ని నా రెండు చేతుల్లో పెట్టి, మంట తగ్గించి, బయటికి వెళ్లింది.

ఆ కాసేపు నేను పడ్డ ఆదుర్దా ఇంతా అంతా కాదు. పెనం మీద చేప చిటపటలాడుతోంది. మాడిపోతోందేమో. మాడితే అమ్మకు పెట్టడానికి ఏముంటుంది? లేచి చూద్దామంటే చేతుల్లో పిల్లవాడు, వాడి తల నా మోచేతి మీద బరువుగా, చెమటతో తడిగా ఉంది. "అక్కా, అక్కా" అని పిలిచాను. మగ్గాల మోతలో నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా అరిస్తే వీడు లేస్తాడు. ఏం చెయ్యాలో తోచక పెనం వైపే చూస్తూ కూర్చున్నాను. అలా చూస్తుంటే, ముక్క అంచు కింది నుంచి తెల్లబడటం కనిపించింది. ఆ తెలుపు నెమ్మదిగా పైకి పాకింది. పచ్చి వాసన పోయి, ఇంకేదో కమ్మటి వాసన వచ్చింది. పిల్లవాడు నిద్రలోనే పెదాలు చప్పరించాడు. వాడి ఊపిరి నా మెడకు తగులుతుంటే, నాకు తెలియకుండానే నా ఊపిరి కూడా కుదురుకుంది.

అక్క వచ్చి పిల్లవాణ్ని తీసుకుంది. "ఇప్పుడు గరిటె కిందికి పోనియ్యి. గట్టిగ నూకకు" అంది. గరిటె ముక్క కిందికి జారిపోయింది. ఎక్కడా పట్టుకోలేదు. తిరగేస్తే తోలు బంగారు రంగులో, పెళుసుగా, ఒక్క చీలిక లేకుండా వచ్చింది. రెండో వైపు కాసేపు ఉంచితే చాలంది. వేలితో నొక్కితే ముక్క పొరలు పొరలుగా విడిపోవాలి, అదే గుర్తు.

"గదే ఇడుస్తది చెల్లె. ఉడికినంక పెనం గదే ఇడుస్తది. అప్పటిదాంక మనం ఇడిసిపెట్టాలె."

అక్క చేతిలో బిందె లేదు. ఆ పూట నల్లా రాదన్న సంగతి నాకు ఆ సాయంత్రం గానీ తట్టలేదు. ఆమె బయట, తలుపు పక్కనే నిలబడి, సందులోంచి పెనాన్నీ నన్నూ చూస్తూ ఉందట. చాలా రోజుల తర్వాత అడిగితే నవ్వుతూ తనే చెప్పింది.

పొరలు విడదీసి, ముళ్లు మళ్లీ చూసి, మెత్తటి అన్నంలో కలిపి అమ్మ దగ్గర కూర్చున్నాను. మొదటి ముద్ద ఆమె నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలకుండా ఉండిపోయింది. తర్వాత దగ్గింది. ముల్లే అనుకున్నాను. చెయ్యి ఆమె నోటి వైపు పోబోతుంటే, వెనక నిలబడ్డ అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. అమ్మ నీళ్లు అడిగింది, తాగింది, రెండో ముద్దకు తనే నోరు తెరిచింది.

"ఎవలు జేసిన్రు?" అంది.

"నేనే" అన్నాను.

"కారమేది మల్ల?" అంది అమ్మ. అది తిట్టు కాదు. చాలా రోజుల తర్వాత ఆమె నాలుక ఒక రుచిని వెతుక్కుంది. అక్క పక్కకు తిరిగి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆమె కూడా భయపడిందని అప్పుడే తెలిసింది.

అమ్మ ఆ పూట ముక్కలో సగమే తిన్నది. మర్నాటికి లేచి కూర్చుందని చెబితే అబద్ధమవుతుంది. మధ్యలో మళ్లీ రెండు రోజులు ఏమీ ముట్టలేదు, మళ్లీ నేను నల్లా దగ్గరి మాటలు తలచుకుంటూ తిరిగాను. కానీ బాపు వీలైనప్పుడల్లా రావస్ తెచ్చేవాడు, అక్క రోజుకో తీరు చెప్పేది. ఉడుకుతున్న అన్నం గిన్నె మీద స్టీలు పళ్లెం పెట్టి, అందులో అల్లం, కొత్తిమీరతో ముక్క ఉంచి మూత వేస్తే, అన్నంతో పాటే చేప కూడా ఆవిరికి ఉడికేది. ఇంకోరోజు పల్చటి కొబ్బరిపాలలో పసుపు, మిరియాలు వేసి, మరగనివ్వకుండా చిన్న మంట మీద. ఏది చేసినా, వేశాక చెయ్యి పెట్టొద్దన్నదే మాట. ఆ వానలు వెనకబట్టే నాటికి అమ్మ జబ్బుకు ముందులాగే మళ్లీ చరఖా ముందు కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టింది. తమ్ముడు ఇంటికొచ్చాడు.

ఇప్పుడు మా అమ్మాయి ఠాణేలో పెద్ద దుకాణం నుంచి సాల్మన్ అని ప్యాకెట్‌లో ముక్కలు తెస్తుంది. రంగు ముదురు, కొవ్వు ఎక్కువ, వండే తీరు మాత్రం అదే. పిల్ల గరిటె పట్టుకుని పెనం చుట్టూ తిరుగుతుంటే నాకు నవ్వొస్తుంది. పిలిచి ఏదో ఒక పని చెబుతాను. బట్టలు మడతపెట్టమనో, కొత్తిమీర తుంచమనో.

పోయినేడు మా ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. లోపలికి తీసుకెళ్లి తలుపు వేశాక, నర్సు కనిపించిన ప్రతిసారీ లేచి అడుగుతున్నాను. పాపం, ఆ అమ్మాయి మాత్రం ఏం చెబుతుంది? నా పక్క బెంచీ మీద ఒక చిన్న వయసు తల్లి, ఒళ్లో ఏడుస్తున్న బిడ్డ, కళ్ల కింద నల్లటి నీడలు. "కాసేపు నాకిస్తావా అమ్మా?" అని అడిగాను. ఆమె మారుమాట లేకుండా ఇచ్చేసి, గోడకు తల ఆనించి అలాగే నిద్రపోయింది. బిడ్డ ఏడుపు మానింది. నేను ఇక లేవలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. డాక్టర్ తనంతట తాను తలుపు తీసుకుని బయటికొచ్చి, అంతా బాగుందని చెప్పేదాకా అలాగే కూర్చున్నాను. నిద్ర లేచి బిడ్డను తీసుకుంటూ ఆ తల్లి నాకు రెండు చేతులూ జోడించబోయింది. సాయం చేసింది తనేనని ఆమెకు తెలియదు.