ఒకటి నొక్కమన్న గొంతు

బెంగాల్లోని మా రైల్వే ఊళ్లో, మలంచా రోడ్డు మీద ఒక రక్తపరీక్షల సెంటరులో ఫోను దగ్గర కూర్చోవడం నా ఉద్యోగం. మొన్న చలికాలంలో ఒకరోజు మా డాక్టర్‌బాబు, ఇకమీదట ఫోను తనంతట తానే జవాబు చెబుతుందని చల్లగా చెప్పారు. "మీకు పని తగ్గుతుంది దీదీ" అన్నారు. పని తగ్గడమంటే ఏమిటో తెలియని వయసు కాదు నాది. నా కుర్చీకి ఎసరు పెడుతున్నారని అప్పుడే అనుకున్నాను.

మర్నాడు కలకత్తా నుంచి టెక్నీషియన్ దిగాడు. మాటకు ముందొక దీదీ, వెనకొక దీదీ. ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా ఏం అడుగుతారు, మీరేం చెబుతారు అంటూ మెల్లగా కూపీ లాగాడు. అంత మర్యాద చేసే మనిషిని నేను నమ్మను. అడిగినదానికి మాత్రం ముక్తసరిగా చెప్పాను. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకానివని మా అమ్మ నన్ను అంటూ ఉంటుంది గానీ, ఆ రోజు ఈకలు నాకు నిజంగానే కనిపించాయి.

బెంగాలీ, హిందీ మాటలకు కంప్యూటర్ గొంతు పెట్టాడు. తెలుగు మాత్రం రికార్డు చేయడానికి నన్ను చెప్పమన్నాడు. మా తెలుగువాళ్లుండే రైల్వే క్వార్టర్ల నుంచి ఫోన్లు బాగా వస్తాయి మరి. "రిపోర్టు కోసం ఒకటి నొక్కి, మీ రసీదు నంబరు నొక్కండి. టైము తెలుసుకోవడానికి రెండు నొక్కండి. ఏమీ నొక్కకపోతే మా మనిషి మాట్లాడతారు." ఆ మనిషిని నేనే. గొంతు ఉంచుకుని మనిషిని పంపించేస్తారని నా గట్టి అనుమానం. అయినా తడబడకుండా చెప్పాను. సరిగ్గా చెప్పలేదన్న వంక కూడా వాళ్లకు దొరకకూడదు.

ఈ నంబర్లు నొక్కే మెనూ మొదలైంది. మిగతావాళ్లంతా నంబర్లు నొక్కుకుని పని చూసుకుంటున్నారు. తెలుగు ఫోన్లు మాత్రం తిరిగి తిరిగి నా బల్ల మీదికే వస్తున్నాయి. నేను ఎత్తేసరికే అవతల ఎవరో ఏదో చెబుతూ ఉంటారు. నేను మళ్లీ మొదటినుంచీ చెప్పమంటే విసుక్కుంటారు.

కొన్నాళ్లకు డాక్టర్‌బాబు టెక్నీషియన్‌ను వెంటబెట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"మీవాళ్లు మాత్రమే ఎందుకు నొక్కడం లేదు దీదీ? నొక్కొద్దని మీరేమైనా చెప్పారా?"

నవ్వుతూనే అడిగారు గానీ నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ అనుమానించడం నా ఒక్కదాని హక్కనుకున్నాను. ఏం చెప్పినా నమ్మేటట్టు లేరు. అంతలో ఫోను మోగింది. మెనూ దగ్గర ఏం జరుగుతోందో అందరం వినేలా టెక్నీషియన్ దాన్ని స్పీకరులో పెట్టాడు.

ఫోన్ చేసింది మా అమ్మ. నిమ్‌పురాలో మా తమ్ముడి క్వార్టర్లో ఉంటుంది. థైరాయిడ్ పరీక్షకని ముందురోజే రక్తం ఇచ్చి వెళ్లింది.

"రిపోర్టు కోసం ఒకటి నొక్కి..." అంటోంది నా గొంతు.

"నేనేనే. నిన్న రగతం ఇచ్చినాను కదా, వచ్చినాదేటి?"

"టైము తెలుసుకోవడానికి రెండు..."

"టైము నాకెందుకే? తిన్నావా నువ్వు?"

మెనూ అయిపోయి ఫోను నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, ఒకటి నొక్కమని చెబుతున్నాను కదా" అన్నాను.

"నువ్వు మాటాడతా ఉంటే మజ్జిలో బటన్లు నొక్కడమేటే? మనిషికి మర్యాద ఉండక్కర్లేదేటి?"

అప్పుడు అర్థమైంది. మా క్వార్టర్లలో ఎరిగిన గొంతు వినబడితే ముందు పలకాలి, తిన్నావా అని అడగాలి, ఆ తర్వాతే పని. నా గొంతు ఎరగనివాళ్లు అక్కడ తక్కువ. ఇన్నాళ్లూ వాళ్లంతా నాకే బదులు చెబుతున్నారు, నేను వినిపించుకోవడం లేదని నొచ్చుకుంటున్నారు. అదంతా బెంగాలీలో చెప్పాను. డాక్టర్‌బాబు ఈసారి మనసారా నవ్వారు. నా మీద అనుమానం పోయిందని నాకూ ప్రాణం తేలికపడింది.

"అయితే మీ గొంతు తీసేద్దాం దీదీ" అన్నారు.

సాయంత్రానికి తెలుగుకు కూడా కంప్యూటర్ గొంతు వచ్చేసింది. ముక్కూ మొహం తెలియని ఆ గొంతు దగ్గర ఎవరికీ మొహమాటం లేదు. మావాళ్లూ టకటకా నొక్కడం మొదలుపెట్టారు. నా బల్ల మీద ఫోను మోగడం తగ్గిపోయింది. నా కుర్చీని లాగేస్తుందని నేను భయపడిన నా గొంతే దాన్ని ఇన్నాళ్లూ నిలబెట్టింది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

ఆ తర్వాత మా అమ్మ మరోసారి రక్తం ఇచ్చింది. ఈసారి నాకు ఫోను రాలేదు. ఆదివారం నిమ్‌పురా వెళితే తనే చెప్పింది.

"కొత్త పిల్ల సక్కగా సెప్పినాదే. ఒకటి నొక్కినాను, నంబరు నొక్కినాను. రిపోర్టు వచ్చేసినాదని సెప్పీసింది. నీతో పనే లేకపోయినాది."

టీ గ్లాసు నా చేతికిస్తూ, మామూలుగానే అడిగింది.

"మరి నువ్వక్కడ ఏటి సేస్తావే?"

ఆ ప్రశ్న డాక్టర్‌బాబుకు ఎప్పుడు తడుతుందా అని రోజూ ఆయన మొహమే చూస్తున్నాను.