ఏ ఊరికైనా సరే, రైలైతే చాలు

మొన్న మా మనవరాలు ఫోనులో ఇంటిల్లిపాదికీ ఓటింగు పెట్టింది, వేసవి సెలవులకి కొండలా, సముద్రమా, అడవా అని. ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని ఓట్లేశారు, కాసేపటికి ఫలితం వచ్చింది, ఓడినవాళ్ళు కూడా ఏదో బొమ్మ పంపి ఊరుకున్నారు. ఒక్క మాటైనా పైకి వినపడకుండా సెలవుల సంగతి తేలిపోవడం చూసి నాకు నవ్వొచ్చింది. మా రోజుల్లో ఇదే సంగతి తేలడానికి ఇంటి కప్పెగిరిపోయేది.

నేను చెప్పబోయేది తొంభై నాలుగు వేసవి. తొంభై మూడని మా వారంటారు గానీ, అది అమ్మాయి ఏడో తరగతి పరీక్షలు రాసిన ఏడాది కనక నాదే సరి. నేను పి.గన్నవరం దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజులవి. పేపర్లు దిద్దే డ్యూటీ అయ్యాక, మళ్ళీ బళ్ళు తెరిచేలోగా, ఇల్లు కదిలి ఎక్కడికైనా వెళ్ళి రావాలన్నది నా ఏళ్ళనాటి కోరిక. అరకు చూడాలి, సొరంగాల్లోంచి వెళ్ళే రైలెక్కాలి, పొద్దున్నే చలికి శాలువా కప్పుకోవాలి. మా వారికి మాత్రం సెలవంటే కొబ్బరితోటలో నులకమంచం వాల్చుకుని, తాటిముంజలు తింటూ, కునుకు పట్టినప్పుడల్లా పడుకోవడం. ఈ నీడ మానుకుని ఎక్కడో చలి కోసం డబ్బిచ్చి పోవడమేమిటని ఆయన వాదన. అమ్మాయికి కొండలూ వద్దు, తోటా వద్దు, రాజమండ్రిలో ఏసీ హాల్లో సినిమా చూసి ఐస్‌క్రీము తినాలి.

ఇక మా అత్తగారు. అరవై దాటిన ఆవిడ అప్పటిదాకా రైలెక్కలేదు. మా కోనసీమవాళ్ళకి ఇది వింత కాదు, మాకు రైలే లేదు కదా! పడవలూ పంటులూ బస్సులతోనే బతుకులు గడిచిపోయాయి. ఆవిడ తోడికోడలు మాత్రం రైల్లో కాశీకి వెళ్ళొచ్చి, ఆ గర్వం ఏళ్ళ తరబడి తగ్గనివ్వలేదు. ఏ పెళ్ళిలో కలిసినా, నలుగురిలోనూ, "మా అక్కకేం తెలుస్తుందిలెండి, రైలు కూత సినిమాలో విన్న మనిషాయె!" అనేది. ఆ మాట అత్తగారి గుండెలో ముల్లయి కూర్చుంది. అందుకే నేను అరకు పేరెత్తగానే, ఆవకాయ జాడీలకి వాసెన కట్టేసి, చేతులు కడుక్కుని వచ్చి, "ఏ ఊరైనా ఒకటేనమ్మా నాకు, రైలైతే చాలు" అన్నారు. రెండు రోజుల్లో ఊరంతా తెలిసిపోయింది. తోడికోడలికి ఆవిడే కబురు పెట్టించారు.

నేను రైళ్ళ వేళలన్నీ కనుక్కుని, ఏది ఎక్కి ఎక్కడ దిగి మళ్ళీ ఏది అందుకోవాలో ఒకదానికొకటి అతికించి పెట్టాను. దారిలో సినిమా ఒప్పుకుని అమ్మాయినీ, అరకులో ఎంతసేపు పడుకున్నా లేపనని మా వారినీ దారికి తెచ్చాను. విశాఖపట్నంలో బంధువుల కోసమని ఆయన కొబ్బరికాయల గంపొకటి ఎత్తుకున్నారు. గంప లేకుండా చుట్టాలింటికి వెళ్ళే మగవాణ్ణి మా వైపు నేను చూడలేదు.

రాజమండ్రి స్టేషనుకి చాలా ముందే చేరాం. రైలొస్తే ఎక్కి కూర్చోమని తల్లీకొడుకులకి చెప్పి, అమ్మాయితో మంచినీళ్ళకి వెళ్ళాను. కుళాయి దగ్గర జనం. ఇంతలో రైలు వచ్చేసింది. మేం పరుగెత్తుకొచ్చేసరికి ఏం చూశామంటే, వాళ్ళిద్దరూ బల్ల మీద నిమ్మళంగా కూర్చుని ఉన్నారు, రైలు కదులుతోంది! మా రేవులో పంటు ఒడ్డుకి తగిలితే, దిగేవాళ్ళందరూ దిగాక, తొక్కిసలాట అణిగాక, పెద్దవాళ్ళని పంటు నడిపే సరంగు పేరుపెట్టి పిలిచి ఎక్కించుకుంటాడు. ఒడ్డున ఒక్క మనిషి చెయ్యెత్తినా బయల్దేరిన పంటు వెనక్కి వస్తుంది. ఆ మర్యాద రైలుకీ ఉంటుందని మా వారి నమ్మకం. ఆయన లేచి చెయ్యెత్తి, "ఆయ్, ఆగండి బాబూ! పెద్దావిడున్నారండీ!" అని కేకేశారు. ఆఖరి పెట్టెలో గార్డు పచ్చజెండా ఊపితే, ఆగుతున్నాడనుకుని ఈయనా చెయ్యి ఊపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రైలు పోతే దాని వెనక అతికించినవన్నీ పోయినట్టే. మా వారు మెల్లిగా, "టీచరుగారూ, పదండి ఇంటికి పోదాం, తోటలో ముంజలు దింపిస్తాను" అన్నారు. అత్తగారు బల్ల మీంచి కదల్లేదు. మొహం చిన్నబోయింది గానీ గొంతు గట్టిగానే ఉంది. "మీ అరకు మీ ఇష్టం. నేను మాత్రం రైలెక్కకుండా ఊళ్ళో కాలు పెట్టను. ఆ తోడికోడలు నన్ను బతకనిస్తుందా?"

అవతలి ప్లాట్‌ఫారం మీద కొవ్వూరు వైపు వెళ్ళే పాసింజరు నిలబడి ఉంది. లెక్కా లేదు, వేళా లేదు, ఎక్కేద్దాం అనిపించింది. నా జీవితంలో అలా అనిపించడం అదే మొదలు. అయినా టిక్కెట్టు లేకుండా ఎక్కడం నా వల్ల కాదు కనక కిటికీ దగ్గరికి పరుగెత్తాను. టిక్కెట్లతో నేనూ, అత్తగారి చెయ్యి పట్టుకుని అమ్మాయీ, గంపతో ఆయనా వంతెనెక్కి దిగి, ఈసారి ఎవరి మర్యాదా చూడకుండా జనాన్ని తోసుకుని ఎక్కాం. అత్తగారి కాలు పెట్టెలో పడిన మరుక్షణం బండి కదిలింది. అమ్మాయి ఈలలు వేస్తోంది.

గోదావరి మీదికి రాగానే చక్రాల చప్పుడు మారింది. అత్తగారు కిటికీ కమ్మీలు రెండు చేతులా పట్టుకుని లేచి నిలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక గోదారి ఒడ్డునే బతికిన మనిషి, పాయలుగా చీలని గోదారినంతా ఒక్కసారి పైనుంచి చూడడం అదే మొదలు. ఆనకట్ట నిలిపిన నీళ్ళు ఎండలో తళతళలాడుతున్నాయి. చూసి చూసి, "ఓరి వీళ్ళ దుంపతెగా! వేసవని కాలవలు కట్టేసి మనకి చుక్క లేకుండా చేసి, ఇన్ని నీళ్ళు ఇక్కడ దాచేరా!" అని అరిచారు. పెట్టె పెట్టెంతా గొల్లుమంది.

కొవ్వూరులో దిగి ఊపిరి పీల్చుకున్నామో లేదో, తిరుగు బండెప్పుడని అత్తగారు అడిగారు. "వచ్చేటప్పుడు దిగువ చూశాను, ఎగువ చూడద్దా?" ఆ బండి వచ్చేలోగా మా వారు గంప విప్పి, రాతి మెట్టు మీద కాయలు కొట్టి, ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళందరికీ తలా చిప్ప పంచేశారు. గాలికి బల్ల మీద పడుకుని గుర్రు కూడా పెట్టారు. మేం రాజమండ్రి వచ్చాం, మళ్ళీ కొవ్వూరు వెళ్ళాం, మళ్ళీ వచ్చాం. ఒకసారి నేను తలుపు దగ్గర నిలబడ్డాను, జడ విడిపోయి జుట్టు ఎగురుతున్నా దువ్వుకోలేదు. సాయంత్రం అమ్మాయి సినిమా అయింది. ఏసీ చల్లదనానికి అత్తగారు నా భుజం మీదే నిద్రపోయారు.

ఊరికి రాగానే తోడికోడలు చూడ్డానికొచ్చింది. "అరకు చూడకుండానే వచ్చేసేరంట కదా అక్కా?" అంది నవ్వుతూ. అత్తగారు తొణకలేదు. "అరకెవడిక్కావాలే? నువ్వు కాశీకి పోయి రావడానికి ఎక్కింది రెండు రైళ్ళు. నేను ఒక్క పూటలో నాలుగెక్కేను. నమ్మకపోతే కోడల్నడుగు, లెక్కల టీచరు, అబద్ధం చెప్పదు." నేను తలూపి ఆయ్ అన్నాను.

అత్తగారు వెళ్ళిపోయి చాలా కాలమైంది. తరవాత నేను అరకు చూశాను, సొరంగాలూ చూశాను, అన్నీ అనుకున్న వేళకే జరిగాయి, బాగానే ఉంది. ఇప్పుడు కోనసీమకి కూడా రైలొస్తుందని గోదావరిలో స్తంభాలు లేపారు. వస్తే మంచిదే, పిల్లలకి ప్రయాణం సుఖమవుతుంది, నేనూ ఎక్కుతాను. కానీ ఇంటి ముందే రైలు కూసే ఊళ్ళో పుట్టిన పిల్ల, ఎక్కడికీ చేరక్కర్లేకుండా, ఉత్తి రైలు కోసమే సెలవంతా ఇచ్చేస్తుందా? రెండోవైపు కిటికీలోంచి చూడలేదని మళ్ళీ బండెక్కే ఆ ఆత్రం ఇక ఏ కళ్ళలో కనిపిస్తుందో నాకు తెలియదు.