డ్రాఫ్ట్ గురించి ఒక అంకుల్

ఇంజనీరింగ్ కాదని సాహిత్యంలో ఎందుకు చేరానో ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. 1984 వసంతంలో జెర్సీ సిటీ రైల్లో, నా చేతిలో తెలుగు నవల చూసి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నారు. కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ అప్పుడే ముగిసింది.

"మన టీమ్‌కి బుద్ధి లేదమ్మా. బెస్ట్ ప్లేయర్ ఎదురుగా ఉంటే, ముందు లైన్‌లో ఒక పొజిషన్ ఖాళీ ఉందని ఎవడో మామూలువాణ్ణి డ్రాఫ్ట్ చేశారు."

మా ఇంట్లో ఇద్దరు డాక్టర్లున్నారు, ఇంజనీరు లేరు. అందుకే ఇంజనీరింగ్‌లో చేరతానని కాలేజీకి పంపే కాగితం మీద మావాళ్ళు నాచేత సంతకం పెట్టించారు. ఇంకా పోస్ట్ చేయని ఆ కాగితం నా బ్యాగ్‌లో ఉంది. కొత్తవాళ్ళతో ఎప్పుడూ మాట్లాడని నేను, "మరి ఆ ఖాళీ ఎలా అంకుల్?" అని అడిగాను.

ఆయన దిగడానికి లేస్తూ అన్నారు: "అది కోచ్ చూసుకుంటాడు తల్లీ. ప్లేయర్‌కెందుకు ఆ బెంగ?"