ఆరు బళ్ల కంకర

అరవైల చివర్లో రాజాంలో మా హైస్కూలు తోటకు కంకర కొట్టిన ఆవిడను నేను చూసింది ఒక్క వారమే. ఏ మాట చెప్పాలన్నా ముందు చెప్పుల్లేని మడమను నేలలోకి అదిమి చూడటం ఆవిడ అలవాటు.

నేను కొత్త లెక్కల టీచరును. పూలమొక్కల మధ్య బాటకు పొడవు, వెడల్పు, మందం గుణించి నాలుగు బళ్ల కంకర చాలని తేల్చాను. ఆవిడ బాట పొడవునా మడమ దింపుకుంటూ నడిచి, "ఆరు కావాలమ్మా" అంది.

"లెక్క నీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నాను. నా నోరు అప్పుడూ ఇంతే.

"లెక్క నీకే తెల్సు. ఇది నిరుడు పోసిన మట్టని నీకెవులూ సెప్పనేదు గావాల. రోలరు తొక్కితే రాయిని మింగేత్తాది."

నాలుగే కొట్టించాను. రోలరు తిరిగాక బాటంతా మట్టే కనిపించింది. హెడ్మాస్టరుగారు ఆవిడనే పట్టుకున్నారు. "నాలుగు బళ్లూ పూర్తిగా కొట్టలేదని ఒప్పుకుని వేలిముద్ర వెయ్యి."

ఆవిడ పలుగుతో జానెడు లోతు తవ్వింది. మట్టిలో కంకర బయటపడింది.

"నా రాయి ఇక్కడే ఉన్నాది బాబూ. దొంగనని ముద్రెయ్యడానికి నా ఏలు రాదు."

ఆయన తగ్గి, ఇంకో రెండు బళ్లు కొట్టమన్నారు. ఆవిడ సుత్తి ముట్టకుండా నా వైపు చూసింది.

"తప్పు నాదే. ఈవిడ ముందే ఆరంది" అని గొణిగాను.

"గట్టిగా సెప్పమ్మా, అందరికీ ఇనపడాల."

అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఎవరి ముందూ తగ్గని నేను, ఆ మాట రెండోసారి గట్టిగా చెప్పాను. అప్పుడు గానీ ఆవిడ సుత్తి ఎత్తలేదు.