నెమరు పట్టని దూడ

పశువులకి పెట్టే పత్తిచెక్క అమ్మే మరిది ఆ రోజు నోటితోనే నెగ్గాడు. పాలు పోసే ఆవిడ కొట్టు ముందు నిలబడి, పాడి ఆవుకైతే సరేగాని పాలుతాగే దూడకి ఈ చెక్క పెట్టకూడదని అడ్డం తిరిగింది. అతను గుమ్మంలోకి వచ్చి నలుగురూ వినేలా, "అక్కా, మీ ఇంట్లో తల్లికో పొయ్యి, పిల్లకో పొయ్యి వెలిగిస్తారా ఏంటి?" అన్నాడు. జనం నవ్వారు. లోపల చెక్క తూస్తున్న, పక్కింట్లో కాపురముండే అతని వదినకీ నవ్వొచ్చింది. పసిగుడ్డుకి ఎవరైనా అన్నం ముద్దలు కుక్కుతారా అన్న జవాబు ఆ వేళ ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది.

అతని ధీమా ఊరికే రాలేదు. చెక్క పెట్టాకే తన ఇంటి ఆవు పాలు చిక్కబడ్డాయి. పొడి చేసి గులాబీల మొదట్లో వేస్తే చెట్లు విరగబూశాయి. వీధికుక్క ఒకటి ఆ మట్టి తవ్వి తిని కక్కుకుంటే, దొంగతిండి అరగలేదులే అని కొట్టిపారేశాడు.

ఆ ఏడు ఆవు ఈనింది. దూడకి ఒక్క చన్ను వదిలి, మిగతా కడుపు నానబెట్టిన చెక్కతో నింపసాగాడు. ఆ పాలావిడ మాట ఏం చేశావని వదిన అడిగితే, నెగ్గిన మాట వెనక్కి తీసుకోమంటావా అని కసిరాడు.

మొదట దూడ బొద్దుగానే కనిపించింది. తర్వాత నాలుగడుగులు వేస్తే ఎగశ్వాస. ఒక ఉదయం కట్టుకొయ్య దగ్గర కాళ్ళు చాపేసి పడి ఉంది. పశువుల డాక్టరు కోసి చూస్తే రొమ్ము నిండా నీరు. పత్తిగింజలో ఒక విషం ఉందట. పెద్ద ఆవు కడుపులో అది చాలావరకు విరిగిపోతుందట, నెమరు పట్టని దూడకి గుండె మీదికి వస్తుందట.

ఆ పూట మరిది అన్నం ముట్టలేదు. వదిన ఓదార్చే రకం కాదు. "ఎదుటివాళ్ళ నోరు మూయించడం వచ్చుగాని, చెవి పెట్టడం రాదు నీకు," అంది. తర్వాత పాలావిడ గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తట్టకుండానే తిరిగొచ్చాడు. ఆమె మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు.

ఆవు మళ్ళీ చూలు కట్టింది. నెలలు నిండాక ఒక సాయంత్రం మరిది పక్కింటి వదిన దగ్గరికి వచ్చి, గోడకేసి చూస్తూ అన్నాడు.

"వదినా, ఈసారి దూడ నెమరేసేదాకా నీ పెరట్లో కట్టేసుకో. పూటపూటా ఆవుని నేనే తోలుకొస్తాను, కడుపునిండా తాగనీ. నేను ఎంత తియ్యగా చెప్పినా సరే, చెక్క గిన్నె పట్టుకుని మాత్రం దాని దగ్గరికి నన్ను రానివ్వకు."