సువర్ణరేఖ ఇసుకలో లావు చక్రాలు

ఫ్యాట్ బైక్ కొనొచ్చా అని నన్నడిగేవాళ్ళు మా రైల్వే వర్క్‌షాపులో ఇప్పటికీ ఉన్నారు. అడిగినవాడి మొహం చూసి జవాబు చెబుతాను. డ్యూటీకి వెళ్ళిరావడానికయితే వద్దు నాయనా, మామూలు సైకిల్ చాలు. తారురోడ్డు మీద దాన్ని తొక్కడమంటే బియ్యం బస్తాకి తాడుకట్టి ఈడ్చుకుపోవడమే. టైరు నా అరచెయ్యి కంటే వెడల్పు. ట్యూబు పోతే ఖరగ్‌పూర్‌లో దొరకదు, కోల్‌కతా నుంచి తెప్పించుకోవాలి. లోకల్ బండిలో ఎక్కిద్దామంటే తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళంతా మన వంశాన్ని తిడతారు. ఎర్రమట్టి దారులూ, ఇసుకా, సాల్ చెట్ల అడవిలో రాలిన ఆకులూ కావాలనుకుంటే మాత్రం దానికి సాటి లేదు. ఇంతవరకే చెప్పి నా పనిలో పడతాను. మా అన్నయ్య సంగతి వాళ్ళెవరికీ చెప్పలేదు.

దాన్ని నేను నాకోసమే కొనుక్కున్నాను. ఆదివారం వస్తే సాలువా దాటి, కేశియాడీ రోడ్డు పక్కన అడవిలోకి పోయి, ఆకలేసేదాకా తొక్కి వచ్చేవాణ్ణి. ఖరగ్‌పూర్ మలంచాలో ఇల్లు ఒకటే, కింద వాటాలో అన్నయ్యా వదినా, పై వాటాలో మేము. అన్నయ్య గూడ్స్ బండి డ్రైవరు. సైకిల్ ఇంటికి తెచ్చిన రోజున దాని చుట్టూ తిరిగి చూసి, "ఏటిరా ఇది, సైకిలా, లారీయా? దీనికి గార్డు ఎవుడు?" అన్నాడు. వీధిలో వాళ్ళందరికీ వినబడేలాగే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత అన్నయ్య కుడిచేతి వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. మెడికల్ పరీక్షలో ఇంజనెక్కడానికి పనికిరాడని తేల్చారు. ఆఫీసులో కుర్చీ ఇస్తే కొన్నాళ్ళు కూర్చున్నాడు, అది ఉద్యోగం కాదని మానేశాడు. వణుకు చేతుల్లోనే ఆగుంటే ఎలాగో బతికేవాళ్ళం. అది కాళ్ళలోకి దిగింది. నడుస్తూ నడుస్తూ గడప దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాడు. నోరు పనిచేస్తుంది, బుర్ర పనిచేస్తుంది, పాదం మాత్రం నేలకి అంటుకుపోతుంది. వదిన వెనక నుంచి నడుం పట్టుకుని "ఎడంకాలు, ఎడంకాలు" అంటూ ఉండేది. చూడలేక నేను ఎవరో ఒకరి మీద అరిచేవాణ్ణి. మందులషాపువాడి మీద అరిచాను, కరెంటువాడి మీద అరిచాను, ఆ గడప పెట్టిన మేస్త్రీని, వాడు ఎప్పుడో చచ్చిపోయినా సరే, తిట్టాను.

ఒక ఆదివారం పొద్దున పెరట్లో సైకిల్ కడుగుతున్నాను. అన్నయ్య గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. కాసేపు చూసి, "పట్టుకో, ఎక్కుతాను," అన్నాడు.

"మతిపోనాదేటి నీకు?"

"పట్టుకోమంటే పట్టుకో."

పెద్దవాడు చెబితే కాదనడం మా ఇంట్లో లేదు. సీటు దించాను. కాలు నేనే ఎత్తి అవతలికి వేశాను. వెనక నుంచి పట్టుకుని తోశాను. అన్నయ్య తొక్కాడు. గడప దాటలేని ఆ కాళ్ళు ఏ జబ్బూ లేనట్టు గుండ్రంగా తిరిగాయి. గేటు దాటి, వీధి చివర మిఠాయికొట్టు దగ్గర మలుపు తిప్పి, వెనక్కి వచ్చాడు. నేను వెనకే పరిగెడుతున్నాను. వదిన చేతిలో గరిటెతో వచ్చి, నవ్వాలో ఏడవాలో తెలీక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిక్కల్లా ఆపడంలోనే. నేల మీద కాలు పెట్టడం తనవల్ల కాదు, నేను ఎదురెళ్ళి రెండు చేతులతో వాటేసుకుని ఆపాలి. మామూలు సైకిలయితే ఆ నిదానానికి ఎప్పుడో పడిపోయుండేవాడు. ఆ లావు టైర్లు కాబట్టి, మనిషి నడిచేటంత నెమ్మదిగా పోయినా నిలబడుతుంది.

డాక్టరు పెద్దగా ఆశ్చర్యపోలేదు. కొందరికి నడక పోయినా సైకిల్ మిగులుతుందట. ఎన్నాళ్ళు మిగులుతుందని మాత్రం తనని అడగొద్దన్నాడు.

ఆ రోజు నుంచి సైకిల్ నాది కాదు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నయ్య చొక్కా వేసుకుని మెట్టు మీద కూర్చునేవాడు. ఇద్దరం రైల్వే గ్రౌండు పక్కన మట్టిదారిలో తిరిగేవాళ్ళం, తను దాని మీద, నేను నా పాత సైకిల్ మీద. అలా తిరుగుతుండగానే ఒక సాయంత్రం అసలు సంగతి చెప్పాడు.

"జలేశ్వర్ దాటినాక సువర్ణరేఖ బ్రిడ్జి ఉంటాది గదా. ఎన్నేళ్ళు దాని మీంచి బండి తోలినాను! కిందన తెల్లటి ఇసక, కనుసూపు మేర. ఒక్కసారి దిగి నడుద్దునా అనుకునీవోడిని. బండి ఆపీది కాదు గదా. రిటైరయ్యాక ఎల్దాంలే అనుకున్నాను. ఇప్పుడు నడవనేను. దీని మీద ఎల్తాను."

నేను సరేనన్నాను. అనేటప్పుడు అంత తొందరుందని నాకు తెలీదు. పొద్దున మాత్ర వేసుకున్నాక కొంతసేపు అన్నయ్య ఒళ్ళు అన్నయ్య మాట వినేది. ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా వినేది. వానలు తగ్గేసరికి ఆ మంచిగడియ బాగా కుదించుకుపోయింది. ఒకరోజు సైకిల్ మీదే కాళ్ళు బిగుసుకుని, పెడల్ సగంలో ఆగిపోయింది. పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను. ఈ చలికాలం వెళ్ళకపోతే ఇంక లేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

వదిన ఒప్పుకోలేదు. "ఆయన్ని ఎక్కడో పడేసి వస్తావేటి మరిదీ? కారు మాట్లాడుకుని ఎల్లి సూసి రండి. నేనూ వస్తాను."

"కారులో ఎల్తే ఏటి సేస్తారు? ఎత్తుకోని ఇసకలో కూకోబెడతారు, మూటని దించినట్టు," అన్నాడు అన్నయ్య. "అలగయితే నేను రాను." వదిన లోపలికి వెళ్ళి, ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, మాత్రల డబ్బాలు సర్దింది.

దుప్పట్లూ బట్టలూ నా సైకిల్‌కి కట్టాను. లావు సైకిల్ మధ్య కడ్డీకి నీళ్ళూ మందులూ మాత్రమే. సామాను కట్టుకుని రోజుల తరబడి తిరిగేవాళ్ళకి అదే మంచి బండి అంటారు. ఖాళీగానే అంత బరువున్న దానికి ఇంకా బరువు కట్టి తారు మీద తొక్కమంటే నేను ఒప్పుకోను. అందుకే హైవే వదిలి, రైలు కట్ట పక్కనుండే ఊళ్ళ మట్టిదారుల్లో పోయాం.

దారి చెప్పేది అన్నయ్యే. బేనాపూర్, నారాయణ్‌గఢ్, బఖ్రాబాద్, బేల్దా, అన్నీ కంఠతా వచ్చు. ఎక్కడ ఎత్తెక్కాలో, ఎక్కడ మలుపుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. అదంతా పట్టాల మీద సంగతని ఇద్దరికీ తట్టలేదు. "ఇక్కడ కుడిపక్కకి కర్వు ఉంటాది, తిప్పు," అంటాడు. తిప్పితే ఎవరిదో పశువుల కొట్టం. ఇంకోచోట చేపల చెరువు గట్టెక్కి, అవతల దారిలేక వెనక్కి వచ్చాం. జన్మలో రోడ్డు మీద దూరప్రయాణం చేసిన మనుషులమైతే కదా! మాకు పాస్ ఉంది, రైలుంది, ఏ ఊరికైనా ప్లాట్‌ఫారం వైపు నుంచే తెలుసు. నేను విసుక్కుంటే అన్నయ్య నవ్వాడు. చాలా నెలల తర్వాత చప్పుడొచ్చేలా నవ్వాడు.

బేల్దాలో లాడ్జిలో పడుకున్నాం. మంచం మీద పక్కకి తిరగాలన్నా నేనే తిప్పాల్సి వచ్చింది. మర్నాడు మాత్ర పనిచేయడానికి చాలాసేపు పట్టింది. వెనక్కి పోదామా అని నా నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఆ మధ్యాహ్నం, నది ఇంక దగ్గరే అనగా, ఒక ఊరి లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు వేసి ఉంది. అందరూ సైకిళ్ళు వంచి గేటు కిందనుంచి దూరిపోతున్నారు. అన్నయ్య అలాంటి పని చెయ్యడు. ఇంజన్ నడిపినవాడు వేసిన గేటు కింద నుంచి దూరడు, చచ్చినా దూరడు. ఎదురెళ్ళి వాటేసుకుని ఆపాను. బండి వెళ్ళింది, గేటు లేచింది. మళ్ళీ తోశాను. కదిలాడు. అవతల నుంచి మోటార్‌సైకిళ్ళూ, బ్యాటరీ టోటో రిక్షాలూ ఒక్కసారిగా మీదికి వచ్చాయి. తప్పించుకోబోయి అన్నయ్య కాలు కింద పెట్టాడు. సరిగ్గా పట్టాల మధ్య.

అంతే, అంటుకుపోయింది.

పక్కనుంచి అందరూ పోయారు. రెండు పట్టాల నడుమ, కాళ్ళ మధ్య సైకిల్‌తో, మా అన్నయ్య ఒక్కడే నిలబడిపోయాడు. నా సైకిల్ పడేసి పరిగెత్తాను. "ఎడంకాలు, ఎడంకాలన్నయ్యా," అంటున్నాను. గేట్‌మన్ గుమటీ గదిలోంచి అరుస్తున్నాడు, "అరే భాయీ, హటో! గేట్ బంద్ కర్నా హై!" అవతల లైన్లో గూడ్స్ వస్తోంది. మేము తప్పుకుంటే గాని గేటు పడదు, గేటు పడితే గాని ఆ బండికి సిగ్నల్ రాదు. మీదికి వచ్చేస్తుందన్న భయం మాకు లేదు. అంతకంటే అన్యాయం జరిగింది. దూరంగా సిగ్నల్ దగ్గర బండి ఆగింది. పొడుగ్గా కూత వేసింది.

అన్నయ్య మొహంలో రంగు పోయింది. "ఆపీసినాను," అన్నాడు. "లోడు బండి. నావల్ల ఆగిపోనాదిరా."

నేను వంగి చీలమండ పట్టుకుని లాగుతున్నాను. మళ్ళీ కూత. అన్నయ్య ఒళ్ళంతా ఇంకా బిగుసుకుపోయింది. హ్యాండిల్ వదలమంటే వేళ్ళు విప్పలేడు. చివరికి ఇద్దరు కూలీలు వచ్చి, నేనూ పట్టి, సైకిల్‌తో సహా మనిషిని ఎత్తి అవతల పెట్టాం. మూటని దించినట్టే దించాం. గేటు పడింది. బండి నెమ్మదిగా ఈడ్చుకుంటూ వచ్చింది. ఎక్కడ బండి చప్పుడైనా తలెత్తి చూసే మనిషి, దానికి వీపు పెట్టి రాయి మీద కూర్చున్నాడు. ఆఖరి వ్యాగన్ పోయేదాకా తలెత్తలేదు. ఆ రోజు నాకు దేవుడి మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

"ఇంటికి పోదామన్నయ్యా, కారు పిలుస్తాను," అన్నాను.

వినిపించుకోకుండా అన్నయ్య, "మాత్ర ఇయ్యి," అన్నాడు. వేళ కాకుండానే వేసుకున్నాడు. కాళ్ళు వదులయ్యేదాకా అక్కడే కూర్చుని, "ఎక్కించు," అన్నాడు.

నది ఒడ్డుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. పశువులు దిగే దారిలో ఇసుకలోకి దిగాం. నా సైకిల్ అక్కడే దిగబడిపోయింది, వదిలేశాను. లావు టైర్లలో గాలి సగం తీసేశాను. టైరు చప్పగా పరుచుకుంటేనే ఇసుక మీద తేలుతుంది. అన్నయ్యని పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి వదిలాను.

వెళ్ళిపోయాడు. తడి ఇసుక మీద, బ్రిడ్జి స్తంభాల వైపు, చప్పుడు లేకుండా. తను పైనుంచి ఏళ్ళతరబడి చూసిన చోటే. స్తంభాల మధ్య దూరి, నీటి అంచు దాకా పోయి, తిప్పుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. నేను ఇసుకలో కూలబడి, హాయిగా, సిగ్గులేకుండా ఏడ్చాను.

కాసేపటికి భుజాలు బిగియడం కనిపించింది. మాత్ర పవరు దిగిపోతోంది. లేచి చేతులు చాపి ఎదురెళ్ళాను. "రా అన్నయ్యా, పట్టుకుంటాను."

దగ్గరికి వచ్చినట్టే వచ్చి హ్యాండిల్ అవతలికి తిప్పేశాడు. నాకు అందలేదనుకుని ఈసారి అడ్డంగా పరిగెత్తాను. మళ్ళీ తప్పించుకున్నాడు. నేను ఇసుకలో పడి, లేచి, "ఆపన్నయ్యా, పడిపోతావు!" అని గొంతు చించుకున్నాను. చలిగాలిలో నా గొంతు నాకే వింతగా వినబడింది.

"నన్ను దించీయకురా," అన్నాడు, నా పక్కనుంచి పోతూ. ఆ మాట ఆజ్ఞలా లేదు. అన్నయ్య నన్ను దేనికైనా బతిమాలడం అదే మొదలు.

దిగితే మళ్ళీ ఎక్కలేనని తనకి తెలుసు. అది నిజమే అయింది కూడా.

నా చేతులు ఇంకా చాపే ఉన్నాయి. వాటినే చూస్తూ దూరంగా తిరుగుతున్నాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు దగ్గరికి వచ్చాడు. నా చుట్టూ గుండ్రంగా తిరిగాడు, ఊపిరి వినబడేంత దగ్గరగా. పెడల్ నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆ టైర్లు పట్టుకున్నంతసేపు పట్టుకున్నాయి. పడేదాకా నేను చేతులు ముందుకి తేలేదు.